అడకత్తెరలో కిడ్నీ నరం

శనివారం, రాత్రి 9:40

ఇవాళ పొద్దున మూత్రం మామూలు రంగులోనే వచ్చింది. వరుసగా ఇది 19వ రోజు. కిందటి నెల బస్సు వెళ్లిపోతుందేమోనని సందు చివరి దాకా పరిగెత్తాను, ఆ సాయంత్రం పాలు పోయని టీ డికాక్షన్ రంగులో వచ్చింది, బాత్రూమ్ తలుపుకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అందుకే ఇప్పుడు లేవగానే నేను మొదట చూసుకునేది ఇదే.

రెండేళ్లు దీన్ని కిడ్నీలో రాయి అన్నారు. ఎడమ పక్కటెముకల కింద నొప్పి, మూత్రంలో రక్తం, ఇంకేముంటుంది రాయే అన్నారు, స్కాన్‌లో కనిపించకపోతే పడిపోయి ఉంటుందన్నారు. ఇన్‌ఫెక్షన్ అని మూడుసార్లు యాంటీబయాటిక్స్ కోర్సులు వాడాను, మూత్రం కల్చర్ పరీక్షలో మాత్రం ఎప్పుడూ ఏ క్రిమీ పెరగలేదు. లేని రాయి కోసం అమ్మ పాపం ఎక్కడెక్కడో వెతికి కొండపిండాకు తెచ్చి పప్పు చేసేది. ఒక చోట పెళ్లయితే అదే తగ్గిపోతుందన్నారు, ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

చివరికి డాప్లర్, అంటే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్, చేస్తున్న డాక్టర్ గారు పడుకోబెట్టి చూసి, నిలబెట్టి మళ్లీ చూసి, స్క్రీన్ నా వైపు తిప్పారు. కిడ్నీ నుంచి లావుగా వస్తున్న నాళం ఒక్క చోట పిట్ట ముక్కులా సన్నబడిపోయి ఉంది. కుడి కిడ్నీ రక్తానికి పెద్ద సిర పక్కనే ఉంది, దగ్గర దారి. ఎడమ కిడ్నీ రక్తం మాత్రం అటువైపు దాటి రావాలి, వెనక పెద్ద ధమని, ముందు పేగులకు వెళ్లే ధమని, ఆ రెండింటి మధ్య ఇరుకులోంచే దారి. నాకు ఆ ఇరుకు మరీ ఎక్కువ. ముందుకు పోలేని రక్తం వెనక్కి ఒత్తిడి పెడితే కిడ్నీలోని సన్నటి నాళాలు చిట్లి మూత్రంలో కలుస్తుంది. దీన్ని నట్‌క్రాకర్ సిండ్రోమ్ అంటారని చెప్పగానే నాకు మా అవ్వ అడకత్తెర గుర్తొచ్చింది. వక్కను రెండు అలుగుల మధ్య పెట్టి అవ్వ టక్కున నొక్కేది. అడకత్తెరలో పోకచెక్క అని ఎన్నిసార్లు అని ఉంటానో, అది నా కడుపులోనే ఉందని అనుకోలేదు.

ఏ ఎక్సర్‌సైజూ ఆ నాళాన్ని వెడల్పు చేయదని డాక్టర్ మేడమ్ మొదటి రోజే చెప్పారు, అలా చెప్పినందుకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది. నేను చేసేదల్లా ఒంట్లో ఓపిక పోకుండా చూసుకోవడం. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడక, మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే. పరుగు, తాడాట, బరువులు మానేశాను. ఇంటికొచ్చాక మోకాళ్లు మడిచి పడుకుని పొట్ట నిండా ఊపిరి పీల్చి వదలడం పదిసార్లు. నొప్పి ఎక్కువైతే వేడి నీళ్ల బ్యాగు పెట్టుకుంటాను, పెయిన్ కిల్లర్ మాత్రం మేడమ్‌ని అడక్కుండా వేసుకోను, కిడ్నీకి మంచిది కాదన్నారు.

అసలు మందు బరువు పెరగడమట. ఆ రెండు ధమనుల మధ్య కాస్త కొవ్వు చేరితే సందు తెరుచుకునే అవకాశం ఉంది. డిగ్రీ చివరి ఏడాది టైఫాయిడ్ వచ్చి బాగా చిక్కిపోయాను, నొప్పి మొదలైందీ ఆ తర్వాతే. 41 కిలోల నుంచి ఇవాళ్టికి 45న్నరకి వచ్చాను. సాయంత్రం అమ్మ సర్వపిండి చేసింది, పల్లీలు, నువ్వులు ఎక్కువ వేసి, గిన్నెకి అంటుకున్న ఎర్రటి అంచు నాకే తీసిపెట్టి "ఇంకొంచెం తిను బిడ్డా" అంటూ పక్కనే కూర్చుంది. కడుపు నిండినా తిన్నాను, అమ్మ చూస్తోందని.

స్కూల్లో మూడో పీరియడ్‌కి నొప్పి మొదలైంది. నిలబడేకొద్దీ పెరుగుతుంది. మూత్రంలో పోయే ప్రొటీన్ కూడా అంతే, పొద్దున లేవగానే మూత్రంలో ముంచి చూస్తే టెస్ట్ స్ట్రిప్ పసుపుగానే ఉంటుంది, సాయంత్రానికి ప్రొటీన్ ఉన్నట్టు ఆకుపచ్చకి తిరుగుతుంది. ఇదివరకు పళ్లు బిగించి నిలబడే చెప్పేదాన్ని. ఇవాళ నేను అడక్కముందే ఆరో తరగతి పిల్ల ఒకతి కుర్చీ లాక్కొచ్చి బోర్డు పక్కన వేసింది. కూర్చునే భిన్నాలు చెప్పాను, పిల్లలు ఎప్పటిలాగే విన్నారు.

ఆపరేషన్ సంగతి ఇంకా తేలలేదు. నాళాన్ని కోసి, పెద్ద సిరకే ఇంకాస్త కింద అతుకుతారట. నాళం తెరిచి ఉంచడానికి లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టే పద్ధతి కూడా ఉంది కానీ అది జారి గుండె వైపు వెళ్లిన కేసులున్నాయని మేడమ్ తొందరపడటం లేదు. ఆర్నెల్లు బరువు, నడక చూద్దామన్నారు. అందులో నాలుగు అయిపోయాయి. బాపు అయితే ఏమీ అడగడు, నెలనెలా రిపోర్టులు తేదీల వారీగా ఫైల్లో సర్దుతాడు. కొత్త రిపోర్టు రాగానే హిమోగ్లోబిన్ దగ్గర వేలు పెట్టి పాత కాగితంతో పోల్చి చూసుకుంటాడు. ఈసారి 9.8 నుంచి 10.6.

రేపు ఆదివారం. కట్ట మీద ఇంకో పది నిమిషాలు ఎక్కువ నడిచి చూస్తాను, బాపు తోడొస్తానన్నాడు.