ఆ చెయ్యి ఎలా పట్టుకున్నారు?

"చెయ్యి పట్టుకున్నానని రాశారు కదా, ఎలా పట్టుకున్నారు?" అని మా సీనియర్ అడిగింది. నేను జపాన్ వచ్చి అప్పటికి మూడో నెల. హమామత్సులో ఒక తొకుయో, అంటే మంచం దిగడానికి కూడా మనిషి సాయం కావాల్సిన పెద్దవాళ్లు ఉండే వృద్ధాశ్రమం. అక్కడ ఏ చిన్న గాయమైనా ఆ రోజే రిపోర్టు రాయాలి. నేను రాసినది ఒక అవ్వ మణికట్టు మీద పడిన నా బొటనవేలి అచ్చు గురించి.

తొంభై దాటిన చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. మధ్యాహ్నం ఎర్రగా కనిపించిన మచ్చ సాయంత్రానికి ఊదారంగుకి తిరిగింది. జరిగింది ఇంతే. ఆవిడ బ్రేకు వెయ్యని వీల్‌చైర్‌లోంచి లేవబోయింది. పడిపోతుందన్న కంగారులో నేను పరుగెత్తి మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో భుజం నొక్కి కూర్చోబెట్టాను. "చొత్తో మత్తె" అని గట్టిగా అన్నాను కూడా. కొంచెం ఆగండి అని దానర్థం. పడకుండా కాపాడానన్న ధైర్యంతోనే రిపోర్టులో "త్సుకందా", అంటే పట్టుకున్నాను, అని రాశాను.

మా సీనియర్ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ చేసి చూపించింది. పైనుంచి అయిదు వేళ్లూ బిగిస్తే త్సుకము. కదలకుండా అరచేత్తో నొక్కి ఉంచితే ఒసాయెరు. కిందనుంచి అరచెయ్యి పెట్టి బరువు మోస్తే ససాయెరు. చివరగా తన చెయ్యి నా మోచేతి పక్కన ఊరికే ఆనించింది. బిగింపు లేదు, లాగడం లేదు. అది సొయెరు. మళ్లీ అడిగింది, "మీరు చేసింది ఏది?" నేను రాసిన మాట తప్పు కాదు. ఆ మాట చెప్పే పనే తప్పు.

తెలుగులో ఆలోచిస్తే ఆ నాలుగూ నాకు పట్టుకోవడమే. దొంగని పట్టుకుంటాం, బస్సు పట్టుకుంటాం, పసిబిడ్డనీ పట్టుకుంటాం. వినేవాళ్లకి సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇక్కడికి రావడానికి జపనీస్ భాషా పరీక్షలో ఎన్ ఫోర్ అనే స్థాయి పాసయ్యాను, కేర్ వర్కు జపనీస్ పరీక్ష విడిగా రాశాను. అక్కడ సరైన జవాబు ఎంచుకుంటే చాలు. చెయ్యి ఎక్కడ ఎంత బిగుసుకుందో ఏ పరీక్షా అడగదు.

ఆ రాత్రి గదికి వచ్చి ఆ మాటలన్నీ నోట్‌బుక్‌లో లిపితో సహా రాసుకున్నాను. త్సుకము, ఒసాయెరు, గుప్పెట బిగించే నిగిరు, దొంగని పట్టుకునే త్సుకమయెరు, అన్నిటి అక్షరంలోనూ ఎడమవైపు మూడు గీతల చెయ్యి గుర్తు ఉంది. కట్టెయ్యడాన్ని షిబారు అంటారు. దాని పక్కన మాత్రం చెయ్యి లేదు, దారం గుర్తు ఉంది. అది చూసి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నేను దారం వాడినదాన్నే. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు నర్సుగా చేశాను. ట్యూబులు పీకేసుకునే పేషెంట్ల చేతుల్ని రోలర్ బ్యాండేజీతో మంచం రైలింగుకి కట్టేవాళ్లం. ఒక్కో నర్సుకి చేతినిండా పేషెంట్లు, పక్కన కూర్చోవడానికి మనిషి ఉండేది కాదు. అది తప్పని మాకెవరూ చెప్పలేదు. పేషెంటు మంచికే అనుకున్నాం. కట్టు వదులు చేయమని కళ్లతోనే బతిమాలిన ముఖాలు ఇప్పుడు గుర్తొస్తాయి.

జపాన్‌లో దీన్ని షింతాయ్ కోసొకు అంటారు, శరీరాన్ని బంధించడం. 2000లో వృద్ధుల సంరక్షణ బీమా మొదలైనప్పుడే ఆ బీమా కింద నడిచే ఆశ్రమాల్లో దీన్ని సూత్రప్రాయంగా నిషేధించారు. 2001లో ఆరోగ్య శాఖ ఇచ్చిన చేతిపుస్తకంలో ఇలాంటి పనులు పదకొండు రాసి ఉన్నాయి. కట్టెయ్యడం ఒక్కటే కాదు. మంచం చుట్టూ రైలింగులు పెట్టి దిగకుండా చేయడం, గోక్కోకుండా చేతులకి వేళ్లు విడిగా లేని మిట్టెన్ గ్లవ్స్ తొడగడం, లేవకుండా వీల్‌చైర్‌కి బెల్టో టేబులో బిగించడం, విప్పుకోలేని బట్టలు వేయడం, మత్తు మందులు అతిగా ఇవ్వడం, గదిలో పెట్టి తాళం వేయడం, అన్నీ అందులోవే. తప్పనిసరైతే మూడు షరతులూ ఒకేసారి ఉండాలి: ప్రాణానికో ఒంటికో ముప్పు వచ్చి ఉండాలి, వేరే దారి లేకపోవాలి, కొద్దిసేపే అయి ఉండాలి. దానికి రికార్డు రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి.

అన్నిటికంటే నన్ను కదిలించింది స్పీచ్ లాక్. మాటతో కట్టెయ్యడం అన్నమాట. నేను ఆ రోజు అన్న "చొత్తో మత్తె" అలాంటిదే. తాడు లేకుండానే మనిషి ఆగిపోతుంది. మా సీనియర్ చెప్పినదాని ప్రకారం ఆగమనడం కాదు, "ఎక్కడికైనా వెళ్లాలా అండీ?" అని అడగాలి. ఎంతసేపు ఆగాలో కూడా చెప్పాలి. మా నాయనమ్మ చివరి రోజుల్లో మంచం దిగబోయిన ప్రతిసారీ ఇంట్లో అందరం "ఆగు, కూర్చో" అనేవాళ్లం. ఎక్కడికి పోవాలనుకుందో ఒక్కరమూ అడగలేదు.

ఆశ్రమం గడప దాటితే ఇవే మాటలు మామూలు పనుల్లో వినిపిస్తాయి. హాలు ముందుగా బుక్ చేసుకోవడమూ ఒసాయెరే, ముఖ్యమైన పాయింటు పట్టుకోవడమూ అదే. నొప్పిని, కోపాన్ని, ఖర్చుని అదుపులో పెట్టడానికి అదే పలుకు, లిపి మాత్రం వేరు. జూడోలో ప్రత్యర్థిని వెల్లకిలా అదిమిపెట్టడం ఒసాయెకోమి. 20 సెకన్లు లేవనివ్వకపోతే గెలుపే. సషిఓసాయె అంటే మాత్రం జప్తు. మా డార్మిటరీలో ఒక వియత్నాం అమ్మాయికి ఆ మాట ఉన్న కవరు వచ్చి టెన్షన్‌తో అన్నం మానేసింది. ఉద్యోగం మారాక నివాస పన్ను జీతంలో కట్ కావడం ఆగి, బిల్లులు పోస్టులో వచ్చాయి. తను చూసుకోలేదు. కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: సిటీ ఆఫీసు కవరు ఏదైనా సరే, ఆ రోజే చింపి ఎవరితోనైనా చదివించుకోండి.

ఇక త్సుకమారు. వార్తల్లో దొంగ పోలీసులకి దొరికిపోయాడనడానికి ఆ మాట విన్నాను. తర్వాత బస్సులో "ఒత్సుకమారి కుదసాయి" అన్న అనౌన్స్‌మెంట్ విని తికమకపడ్డాను. పడిపోకుండా దేన్నైనా పట్టుకోండి అని వాళ్లు చెబుతున్నారు. దొరికిపోవడమూ, ఆసరాగా పట్టుకోవడమూ ఒకే మాట. మా పనిలోనూ రోజుకి యాభైసార్లు అంటాం, "రైలింగ్ పట్టుకోండి" అని. అక్కడ పట్టుకునేది వాళ్ల చెయ్యి, మనది కాదు.

మచ్చ తగ్గడానికి రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ అవ్వ నన్ను చూస్తే చెయ్యి ఒళ్లోకి లాక్కునేది. ఎందుకో ఆవిడకి గుర్తు లేదు, ఆ చేతికి గుర్తుంది. నేను ముందు నుంచి వెళ్లి, వంగి ముఖం కనపడేలా పలకరించి, అరచెయ్యి పైకి తిప్పి ముందుకు చాచి ఆగేదాన్ని. రోజూ అంతే.

ఒక నైట్ డ్యూటీలో సెన్సర్ మోగింది. వెళ్లేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని చెప్పుల కోసం కాళ్లతో వెతుకుతోంది. చెప్పులు దగ్గరికి జరిపి, ఎక్కడికండీ అని అడిగాను. టాయిలెట్ అంది. అరచెయ్యి చాచాను. కాసేపు చూసింది. తర్వాత నా ముంజేతిని రెండు చేతులా గట్టిగా, గోళ్లు దిగేలా పట్టుకుని లేచింది. నేను మోచేతి కింద చెయ్యి ఆనించి, ఆవిడ అడుగు వేసినప్పుడే అడుగు వేశాను.

తిరిగొచ్చి రికార్డు రాశాను. రాత్రి 2:10. చెయ్యి ఆనించి, టాయిలెట్ వరకు నడక.