గట్టి గింజకు మెత్తని తొడుగు

ఈ రోజు పెద్ద విశేషాలేమీ లేవు. పొద్దున స్లర్రీ (సిలికా తొడుగు వేసిన అల్యూమినా గింజలు కలిపిన పాలిష్ ద్రవం) డబ్బా మూత తీసి చూస్తే అడుగున గడ్డ కట్టలేదు. కాస్త ఊపగానే మొత్తం కలిసిపోయింది. సగం టెన్షన్ అక్కడే తీరింది.

తొడుగు లేని అల్యూమినాతో ఇంత సుఖం ఉండదు. మేం సఫైర్ వేఫర్లు, అంటే నీలమణి స్ఫటికపు పలచటి బిళ్లలు, పాలిష్ చేసేది పీహెచ్ 10 దగ్గర. అల్యూమినా రేణువుల మీది విద్యుదావేశం పీహెచ్ 9 ప్రాంతంలో దాదాపు సున్నాకి వచ్చేస్తుంది. 10కి వచ్చినా ఒకదాన్నొకటి నెట్టుకునే బలం అంతంత మాత్రమే, అందుకే ముద్దలు కడతాయి. అలాంటి ముద్ద ఒక్కటి ప్యాడ్‌కీ వేఫర్‌కీ మధ్య ఇరుక్కుంటే చాలు, పొడుగాటి గీత పడుతుంది. సిలికాకి ఆ సున్నా 2, 3 మధ్యే వస్తుంది. కాబట్టి పైన సిలికా తొడుగు పడ్డాక అదే అల్యూమినా గింజ 10 దగ్గర గట్టి రుణావేశంతో విడివిడిగా ఉంటుంది.

కొత్తగా చేరిన అబ్బాయికి మాత్రం ఇది మింగుడు పడటం లేదు. "సార్, గట్టిదనం చెప్పే మోస్ కొలతలో సఫైర్ 9, సిలికా 7. మెత్తటిది గట్టిదాన్నెలా అరగదీస్తుంది?" అన్నాడు. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలని వింటూ పెరిగాం మరి! ముందు దశలో మేమూ వజ్రం పొడే వాడతాం. చివరి పాలిష్ సంగతి వేరు. నీళ్లు తగిలిన సఫైర్ పైపొరతో సిలికా రసాయనికంగా కలిసి అల్యూమినియం సిలికేట్ అవుతుంది. అది సఫైర్ కంటే మెత్తన. ఆ పొరనే గీకి తీసేస్తాం, కింద మళ్లీ కొత్తది పుడుతుంది. వట్టి సిలికాతోనూ ఈ పని అవుతుంది గానీ నత్తనడక. లోపల గట్టి గింజ ఉంటే గీకుడు చురుగ్గా సాగుతుంది.

మధ్యాహ్నమంతా తూకాలే, ఎంత అరిగిందో తెలిసేది బరువుతోనే. రెండంగుళాల వేఫర్ మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అరిగితే తగ్గే బరువు సుమారు 8 మిల్లీగ్రాములు. అంచున ఒక్క నీటి చుక్క మిగిలినా దాని బరువు అంతకు ఎన్నో రెట్లు. అందుకే నైట్రోజన్ ఊది, వెలుగులో అంచు తిప్పి చూసుకున్నాకే త్రాసు మీద పెడతాను. అబ్బాయికి ఇది చాదస్తంలా కనిపిస్తోందని తెలుసు, కనిపించనీ.

సాయంత్రం మెషీన్ కడగడం. నాకు బొత్తిగా నచ్చని పని. అయినా తప్పదు, అంచుల్లో ఎండిపోయిన స్లర్రీ రాయిలా బిగుసుకుంటుంది, మళ్లీ నీళ్లలో వేసినా విడిపోదు.

తొడుగు ఇంకాస్త మందంగా వేస్తే మేలు కదా అని అబ్బాయి సందేహం. మరీ మందమైతే అది వట్టి సిలికా గింజ కిందే లెక్క అన్నాను. రేపు పలచటి తొడుగు బ్యాచ్ పెట్టాలి. ఎక్కువ అరుగుతుందని అతనంటాడు, గీతలు పడతాయని నా అనుమానం.