పలకల లెక్క, గడియారం లెక్క: మిడితో నా అనుభవం

తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద మావాళ్లు తీసిన డాక్యుమెంటరీకి సంగీతం చేసే పని నాకొచ్చింది. చేతిలో ఉన్నవి ఒక కంట్రోలర్ కీబోర్డు, పాత రిథమ్ కీబోర్డు, ల్యాప్‌టాప్, జాతరలో రికార్డు చేసుకొచ్చిన పలకల (డప్పుల) మోత. తిరుపతిలో మా మిద్దె మీది గదిలోనే పనంతా జరిగింది. వీటన్నిటినీ ఒక్క తాటి మీద నడిపించాలంటే మిడిని, అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతిని, మొదటి నుంచీ అర్థం చేసుకోక తప్పలేదు. ఇంట్లో స్టూడియో పెట్టుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మిడి కేబుల్లో శబ్దం ఉండదు, ఆదేశాలే ఉంటాయి. ఒక మీట నొక్కితే మూడు బైట్లు వెళ్తాయి: ఫలానా ఛానెల్లో స్వరం మొదలైందని ఒకటి, ఏ స్వరమో చెప్పేది ఒకటి, ఎంత గట్టిగా నొక్కామో చెప్పేది ఒకటి. చివరి రెండూ 0 నుంచి 127 లోపు అంకెలే. ఛానెళ్లు 16. వేలు తీస్తే ఇంకో సందేశం పోవాలి. అది అందకపోతే స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అప్పుడు 123వ నంబరు కంట్రోలర్ సందేశం (వాల్యూమ్ లాంటివి మార్చడానికి నంబర్లతో పంపే ఆదేశాల్లో ఒకటి) పంపితే ఆ ఛానెల్లోని స్వరాలన్నీ ఆగుతాయి. 1983లో ప్రాఫెట్-600, రోలాండ్ జూపిటర్-6 అనే రెండు కంపెనీల సింథసైజర్లను కలిపి చూపించిన నాటి పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు మాట్లాడుకునేలా చేసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకు మనలాంటి చిన్న స్టూడియోల వాళ్లం ఎంతో రుణపడి ఉన్నాం.

నాకు ఎక్కువ సమయం పట్టింది ఈ నంబర్ల కంట్రోలర్ల దగ్గరే. 7వ నంబరు వాల్యూమ్, 10 పాన్ (శబ్దం ఎడమకా కుడికా), 64 సస్టెయిన్ పెడల్. 11వది ఎక్స్‌ప్రెషన్. నాదస్వరానికి ఊపిరి పోసేది ఈ 11వదే. మిక్సింగులో స్థాయిని 7తో ఒకసారి పెట్టేసి, పలుకు పలుకుకీ ఉబ్బూ తగ్గూ మాత్రం 11తో ఇచ్చాను. ఇక గమకం. మొదట ఒక నాబ్‌కు శ్రుతిని కట్టి, పైకి ఒక స్థాయి (ఆక్టేవ్), కిందికి ఒక స్థాయి వచ్చేలా పెట్టి, తోడి గాంధారం వాయించాను. మా వీధిలో ఉండే నాదస్వర విద్వాంసులు కళ్లు మూసుకుని విని, “గాంధారం ఊగాల నాయనా. నీది మెట్లెక్కతా ఉండాది” అన్నారు.

ఆయన చెవికి తగిలింది అక్షరాలా నిజం. మామూలు కంట్రోలర్‌కు 128 విలువలే. రెండు స్థాయిల దూరాన్ని, అంటే 2400 సెంట్లను (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు), 128తో భాగిస్తే ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు. అదే శ్రుతిని వంచే పిచ్ బెండ్ సందేశంలో 14 బిట్లుంటాయి, 16,384 విలువలు. మెట్టు ఒక సెంటులో ఆరో వంతు కూడా ఉండదు. వెంటనే ఆ సందేశం పంపే, కీబోర్డు మీది వీల్‌కు మారాను. మామూలుగా దాని పరిధి పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలే. 101, 100 కంట్రోలర్లకు 0, 0 పంపి, తర్వాత 6వదానికి 12 పంపితే 12 అర్ధస్వరాలవుతుంది, వాయిద్యం ఆ సందేశాన్ని పాటించేదైతే. పిచ్ బెండ్ ఛానెల్ మొత్తాన్నీ వంచుతుంది కాబట్టి తంబురాను వేరే ఛానెల్లో పెట్టాను. “ఇప్పుడు చూడండి అయ్యవారూ” అని మళ్లీ వాయిస్తే ఆయన ఏమీ అనలేదు, తాళం వేయడం మొదలుపెట్టారు.

తర్వాతది కాలం సంగతి. జాతరలో పలకలు కొట్టేవాళ్లకు క్లిక్ (లయ చూపే టిక్ టిక్ చప్పుడు) ఉండదు, ఊపు వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. దాన్ని సరిచేస్తే జాతర చచ్చిపోతుంది. అందుకని వాళ్ల దెబ్బలనే ఆధారం చేసుకుని టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చూపే పటం) గీశాను, మిగతా వాయిద్యాలు వాళ్ల వెంటే నడవాలని. రిథమ్ కీబోర్డుకు వెళ్లే మిడి క్లాక్ ఒక్కో బీట్‌కు 24 టిక్కులు. నిమిషానికి 120 బీట్ల టెంపోలో సెకనుకు 48. వేగం పెరిగితే టిక్కులూ దగ్గరవుతాయి. అది ఎన్నో బీట్‌లో ఉన్నామో లెక్కించడానికే తప్ప గంటలు, నిమిషాలు దానికి తెలియవు. నా పాత కీబోర్డు, పాటలో ఎక్కడున్నామో చెప్పే సాంగ్ పొజిషన్ సందేశాన్ని పట్టించుకోదు, మధ్యలో నుంచి మొదలుపెడితే మొదటి బార్‌కే పోతుంది. దాని రిథమ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఆడియోగా రికార్డు చేసి పక్కన పెట్టాను.

తెర మీది బొమ్మకు (వీడియోకు) కావాల్సింది దీనికి పూర్తిగా వేరు. అమ్మవారి మట్టి విగ్రహమైన విశ్వరూపం చెంప తొలగించే ఘట్టంలో మట్టి రాలిన ఫ్రేము దగ్గర పలకలన్నీ ఒక్కసారిగా ఆగాలి. అక్కడ ఎన్నో బీట్ అన్నది కాదు, ఎన్నో ఫ్రేము అన్నదే లెక్క. దానికి మిడి టైమ్ కోడ్. 25 ఫ్రేముల బొమ్మకు సెకనుకు 100 క్వార్టర్ ఫ్రేమ్ సందేశాలు, టెంపో ఏదైనా సరే. ఒక్కోటి సమయంలో ఒక ముక్కే మోస్తుంది. ఎనిమిది కలిస్తేనే గంట, నిమిషం, సెకను, ఫ్రేము పూర్తిగా తెలుస్తాయి. అంటే రెండు ఫ్రేములు, 80 మిల్లీసెకన్లు. ఎడిటర్ ల్యాప్‌టాప్‌లోని బొమ్మ నా ల్యాప్‌టాప్ పంపే కోడ్‌ను అందుకోవాలి కాబట్టి, ఎప్పుడూ సీన్‌కు కొన్ని సెకన్ల ముందు నుంచే ప్లే చేశాం.

అయినా మొదట బొమ్మ కదలనే లేదు. ఎడిటర్ టైమ్‌లైన్‌లో సినిమా 01:00:00:00 దగ్గర మొదలవుతుంది, టీవీవాళ్ల అలవాటు అది. నా ప్రాజెక్టు సున్నా దగ్గర. ప్రాజెక్టు మొదలును ఆ 01:00:00:00కు పది సెకన్ల ముందు పెట్టగానే బొమ్మ వచ్చి అతుక్కుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: టైమ్ కోడ్ చోటు చెబుతుంది గానీ, రెండు ల్యాప్‌టాప్‌ల ఆడియో గడియారాలను కలపదు. అందుకే పలకలు, నాదస్వరం, తంబురా అన్నీ నా మెషీన్‌లోనే ఉంచి, బొమ్మను మాత్రం అక్కడ నడిపించాం.

అప్పగించేటప్పుడు 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) ఫైళ్లకు, సరిచూసుకోవడానికి 00:59:58:00 దగ్గర ఒక్క ఫ్రేము బీప్ పెట్టాను, అంటే 1920 శాంపిళ్లు. చివర కూడా ఒకటి. ఎడిటర్ ఆ రెండు బీప్‌లూ తన టైమ్‌లైన్‌లో సరిచూసుకుని, చెంప ఘట్టం ఒక్కటి వేసి చూసి, ఫైళ్లు కాపీ చేసుకుని చిత్తూరు బస్సెక్కాడు.