గుడ్డ మీద 26 గీతలు

మా నరసాపురంలో ఇంటి అరుగుల మీద లేసు అల్లేవాళ్లు కనిపిస్తారు. మా అత్తయ్యగారూ ఏళ్ల తరబడి అల్లారు. నా చెయ్యి మాత్రం క్రాస్ స్టిచ్ వైపు, అంటే గళ్ల గుడ్డ మీద గళ్లు లెక్కపెట్టి ఇంటూ గుర్తుల్లా కుట్టే కుట్టు వైపు పోయింది. ఈసారి నెమలి చార్టు, అంటే ఏ గడిలో ఏ రంగో చూపే కాగితం తీసుకున్నాను. అడ్డం 146 గళ్లు, నిలువు 104. అంగుళానికి 14 గళ్లుండే ఐడా గుడ్డ మీద బొమ్మ పదిన్నర అంగుళాల వెడల్పు వస్తుంది. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి గుడ్డ కత్తిరించుకున్నాను.

గళ్ల లెక్క తప్పకుండా గుడ్డ మీద పదేసి గళ్లకో గీత పెట్టుకుంటారు. మొదట ఆ గీతలేమీ లేకుండానే కుట్టాను. నెమలి మెడ దగ్గర ఒక్క గడి జరిగింది. అది బయటపడేసరికి తోక సగమైంది. మూడు వారాల కుట్టు విప్పుతుంటే ఏడుపొచ్చింది.

తర్వాత, నీళ్లకు పోయే నీలం పెన్నుతో గీశాను. ముడతలున్నాయని ఇస్త్రీ పెట్టాను. ఆ ఇంకుకు వేడి తగలకూడదట. గోధుమ రంగు చారలు పడ్డాయి, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఇస్త్రీ ముందే చేసుకోవాలి, గీత తర్వాతే. గాలికి పోయే ఊదా పెన్నైతే మా గోదారి చెమ్మకు మర్నాటికల్లా కనబడలేదు.

కొత్త గుడ్డ మీద గీతలకు బదులు మిషను దారంతో టాకాలు వేస్తే, కుట్టేటప్పుడు సూది ఆ దారాన్ని చీల్చుకుంటూ పోయింది. అలా ఇరుక్కున్న టాకా లాగితే కుట్టు కూడా లేచొస్తుంది.

చివరికి గాలాలమ్మే కొట్టుకెళ్లి సన్నటి నైలాను దారం అడిగాను. ‘ఏ చేపకండీ?’ అన్నాడాయన. గుడ్డకని చెప్పి, తెల్ల గుడ్డ మీద కనబడేలా ఆకుపచ్చది తెచ్చుకున్నాను. నున్నగా ఉంటుంది కాబట్టి సూది దాన్ని చీల్చలేదు.

గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి గుర్తు చూసుకున్నాను. మొన లేని సూదితో అక్కణ్ణించే పదేసి గళ్లకో గీత లాగడం మొదలెట్టాను. దారం మూడు గళ్ల పైనుంచి, రెండు గళ్ల కిందనుంచి పోతుంది. ఇలా రెండుసార్లు వేస్తే పది. లెక్క తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఐదు గీతలయ్యాక అత్తయ్యగారు చార్టు తీసుకుని గుడ్డ పక్కన పెట్టారు. ‘అమ్మాయ్, కాగితం మీద లావు గీత ఎక్కడుంది? నీ గుడ్డ మీద ఎక్కడుంది?’

రెండూ కలవలేదు! చార్టులో లావు గీతలు ఎడమ అంచు నుంచి పదేసి గళ్లకు వస్తాయి. 146లో సగం 73, అది లావు గీత మీద పడదు. నిలువునా అంతే, 104లో సగం 52. ఐదూ లాగేశాను. నడిమి గుర్తు నుంచి ఎడమకు మూడు గళ్లు జరిగితే 70వ గీత, పైకి రెండు జరిగితే 50వ గీత. ఆ రెండూ ముందు వేసి, మిగతావి వాటిని బట్టి వేసుకుంటూ పోయాను. నిలువు గీతలు 15, అడ్డ గీతలు 11. రెండు సాయంత్రాలు పట్టింది. కొసలు అంగుళం చొప్పున వదిలి ముడేశాను.

ఆ తర్వాత ఒక్క గడీ తప్పలేదు. కుడుతున్నంతసేపూ నా లెక్క పది దాటలేదు మరి.

నెమలి పూర్తయ్యాక ముడులు కత్తిరించి ఒక్కో కొసా పట్టుకు లాగితే, సర్రున వచ్చేసింది, కుట్టు కదల్లేదు. ఆ ఆకుపచ్చ దారాన్ని అత్తయ్యగారు లేసు దారం చుట్టినట్టే ఉండ చుట్టి, తన క్రోషియా సూదుల డబ్బాలో పెట్టారు.