మూడో కొవ్వొత్తి

రైలు రేణిగుంటలో ఆగి అరగంట దాటింది. తిరుపతి ఇంకో 10 కిలోమీటర్లు. బయట సన్నగా తుంపర. నా ఎదురు సీట్లో ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్న మనవడు. వాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు వెళ్తున్నారట. నేను మాటిమాటికీ ఫోన్‌లో టైం చూసుకుంటుంటే ఆవిడ నవ్వింది. "కంగారెందుకమ్మాయ్? రేపు కొండ మీద దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లో మేం ఎన్ని గంటలు కూర్చోవాలో! కూర్చోబెట్టారంటే లోపలికి పంపిస్తారనేగా" అంది.

నేను వెళ్తున్నది మా అక్క ఇంటికి, ఆగమన కాలం మూడో ఆదివారానికి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆ నాలుగు ఆదివారాలూ నాకు ఎప్పుడూ టెన్షన్‌తోనే గడిచిపోయేవి. బట్టలు, కేకు, రంగులు, ఊరి ప్రయాణం. ఈసారి అక్క పండక్కి కాకుండా పది రోజుల ముందే రమ్మంది. వాళ్ళబ్బాయి నాలుగేళ్ళ తర్వాత కువైట్ నుంచి వస్తున్నాడు, 23న.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. వెదురుబొంగుకు కట్టిన నక్షత్రం సందు మలుపు నుంచే కనిపించింది. "వచ్చేస్తివా, రావే" అంటూ అక్క నన్ను నేరుగా వంటింట్లోకే తీసుకెళ్ళింది. మర్నాడు రాత్రి క్యారల్స్ పిల్లలు వస్తారని గులాబీ పువ్వులు వేస్తోంది.

ఆ పనిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఇనప అచ్చును కాగిన నూనెలోనే ఉంచి వేడెక్కనివ్వాలి. తొందరపడి ముంచితే పిండి పట్టదు. ముంచేటప్పుడు కూడా ముప్పాతిక వంతే. నిండా మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. తర్వాత నూనెలో పట్టుకొని నిలబడాలి. కొబ్బరిపాల వాసన లేస్తుంది, అంచులు ఎర్రబడతాయి. నేను చాకుతో తోయబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "ఉండు, అదే వదుల్తుంది." నిజంగానే కాసేపటికి, మెల్లగా ఒక్కసారి కదిపితే చాలు, పువ్వు జారి నూనెలో తేలింది.

"నాలుగేళ్ళు ఎట్లా ఉన్నావక్కా?" అని అడిగాను.

"ముందు మూడేండ్లు ఏడ్చినా. టికెట్ తీసినా అని వాడు చెప్పినప్పటి నుంచి ఏడుపు రాలా. వాడు వస్తా ఉండాడు గదా!"

మా చిత్తూరు వైపు మాట అది, 'వస్తా ఉండాడు'. ఇంకా ఇంటికి చేరలేదు, కానీ బయల్దేరినట్టే లెక్క. ఆగమనం అనే మాటకు నాకు ఇంతకంటే దగ్గరి అర్థం దొరకలేదు.

మర్నాడు చర్చిలో పచ్చని ఆకుల చక్రం, దాని మీద ఆదివారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు. మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. ఈ చక్రం కథ నాకు చాలా ఇష్టం. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో విచెర్న్ అనే లూథరన్ పాస్టరు పేదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ వచ్చిందా, వచ్చిందా అని పిల్లలు రోజూ అడుగుతుంటే పాత బండిచక్రానికి కొవ్వొత్తులు గుచ్చి, రోజుకొకటి వెలిగించాడట. ఆదివారాలకు పెద్దవి, మిగతా రోజులకు చిన్నవి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు 19వ శతాబ్దంలో పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు కూడా ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళే.

మూడో ఆదివారం గులాబీ రంగుది వెలిగిస్తారు. అది ఆనందానికి గుర్తు. బైబిల్లో 'ఆనందించుడి' అని ఫిలిప్పీ ఊరి క్రైస్తవులకు రాసిన పౌలు ఆ ఉత్తరం రాసేటప్పటికి బంధకాల్లో ఉన్నాడు. విడుదలవుతాడో లేదో తేలని మనిషి ఆ మాట రాశాడంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఒక చిన్నపాప మునివేళ్ళ మీద నిలబడి ఒత్తికి నిప్పు అందించింది. గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించింది. చర్చంతా ఊపిరి బిగబట్టి చూసింది. నాలుగోది వెలగకుండా పక్కనే ఉంది. అది చూసినా ఈసారి నాకు తొందర అనిపించలేదు.

రాత్రి క్యారల్స్ పిల్లలు డోలక్‌తో వచ్చి, పాడి, ఒక డబ్బా పువ్వులు ఖాళీ చేసి వెళ్ళారు. నా రైలుకు టైం అవుతోంది. నాకూ ఓ పొట్లం కట్టిచ్చి, అక్క స్టూలెక్కి రెండో డబ్బాను పై అరలో లోపలికి తోసింది.

"అది వాడికి" అంది.