రాయి మట్టి అయ్యేదాకా: గ్రూప్-2 జాగ్రఫీలో నాకు దారి దొరికిన చోటు

గ్రూప్-2 ఫైనల్ లిస్టులో నా నంబర్ చూసుకున్న దగ్గర్నుంచి ఫోన్ ఆగడం లేదు. అమ్మ ఊరంతా చెప్పేసింది. ఇన్నాళ్లూ "ఇంకా ఎంతకాలం చదువుతావు" అన్న చుట్టాలే ఇప్పుడు వాళ్ల పిల్లలకు ఫోన్ ఇచ్చి మాట్లాడమంటున్నారు. గర్వంగా ఉంది, దాచుకోవాల్సిన పని లేదు. ఎక్కువమంది అడుగుతున్నది మాత్రం ఒకటే: "అన్నా, జాగ్రఫీ ఎట్లా చదివావు, ఎన్నిసార్లు చదివినా గుర్తుండట్లేదు" అని. అందుకే మొత్తం ప్రిపరేషన్ కథ కాకుండా, ఒక్క టాపిక్ గురించి వివరంగా రాస్తాను. శిలాశైథిల్యం, నేలలు, క్రమక్షయం. చాలామంది పైపైన చూసి వదిలేసే భాగం ఇది, నాకు జాగ్రఫీ మొత్తం అర్థమవడం ఇక్కడి నుంచే మొదలైంది.

మనం చదివే పుస్తకాల్లో ఈ మూడూ మూడు చోట్ల ఉంటాయి. శైథిల్యం ప్రపంచ భూగోళంలో, నేలలు భారతదేశం, తెలంగాణ భూగోళంలో, క్రమక్షయం పర్యావరణంలోనో వ్యవసాయంలోనో. మూడుసార్లు బట్టీ పడతాం, మూడుసార్లూ మర్చిపోతాం. నిజానికి ఈ మూడూ ఒకే కథ. రాయి ఉన్నచోటే ఉండి వదులై, ముక్కలై, లోపలి ఖనిజాలు మారిపోవడం శైథిల్యం. అలా వదులైన దాన్ని నీరో గాలో ఎత్తుకుపోవడం క్రమక్షయం. ఎత్తుకుపోయే వేగం కన్నా తయారయ్యే వేగం ఎక్కువున్న చోట మిగిలేది నేల. కొండ నెత్తిన మట్టి ఎందుకు పలచగా ఉంటుంది, లోయలో ఎందుకు లోతుగా ఉంటుంది అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, మళ్లీ విడిగా చదవక్కర్లేదు.

నాకు ఇది తట్టింది ఒక టెస్ట్ సిరీస్ ప్రశ్న వల్ల. "నల్లరేగడి నేలలు బసాల్ట్ శిలల (లావా గడ్డకట్టి ఏర్పడిన రాళ్లు) నుంచి మాత్రమే ఏర్పడతాయి" అని ఒక స్టేట్‌మెంట్ ఇచ్చారు, కీలో అది సరైనదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా మీద ఏర్పడిన రేగడి ఉంది, ఆదిలాబాద్ వైపు చూస్తే పుస్తకంలో మాట నిజమే. కానీ మా ఊళ్లో బసాల్ట్ ముక్క దొరకదు, చుట్టూ గ్రానైట్ గుట్టలే. అయినా మా పొలంలో మిట్ట మీద ఎర్రటి చెల్క, కింద వాగు పక్కన నల్ల రేగడి. మధ్యలో పెద్ద దూరం కూడా లేదు. నాన్నను అడిగితే "నీళ్లు తొందరగా పోని కాడ రేగడి ఉంటది బిడ్డా" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెనక్కి వెళ్లి చదివితే చిక్కుముడి మొత్తం విడిపోయింది.

గ్రానైట్‌లో ముఖ్యంగా ఉండే ఖనిజాలు క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, కొంత మైకా. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు ఫెల్‌స్పార్‌ను తినేస్తుంది, అంటే అందులోని పొటాషియం, సోడియం, కాల్షియం కరిగి బయటికి వచ్చేస్తాయి, మిగిలినది బంకమన్నుగా మారుతుంది. పుస్తకాల్లో జలవిశ్లేషణ అని ఉండేది ఇదే. క్వార్ట్జ్ మాత్రం అంత సులువుగా కరగదు, అందుకే అది ఇసుకగా మిగిలిపోతుంది, చెల్క నేల గరుకుగా ఉండటానికి కారణం అదే. ఇనుము ఉన్న ఖనిజాలు ఆక్సీకరణం చెందితే ఎరుపు. ఇక కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎక్కడికి పోయాయి? నీటితో పాటు పల్లానికి. అక్కడ నీరు నిలుస్తుంది కాబట్టి అవి కొట్టుకుపోకుండా పోగవుతాయి, అలాంటి చోట మాంట్‌మొరిల్లోనైట్ రకం బంకమన్ను తయారవుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అదే రేగడి. బసాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం ముందునుంచే ఎక్కువ కాబట్టి అక్కడ విస్తారంగా ఏర్పడుతుంది, గ్రానైట్ ప్రాంతంలో పల్లాల్లో ఏర్పడుతుంది. మాతృశిల, అంటే నేల ఏ రాతి నుంచి తయారైందో ఆ రాయి, ఒకటే అయినా వాలు మారితే నేల మారిపోతుందన్నమాట. 1941లో హాన్స్ జెన్నీ అనే నేలల శాస్త్రవేత్త నేల ఏర్పడటానికి చెప్పిన అయిదు కారకాల్లో (శీతోష్ణస్థితి, జీవులు, నేల ఎత్తుపల్లాలు, మాతృశిల, కాలం) ఎత్తుపల్లాలు ఎందుకున్నాయో ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా అది ఒక జాబితా మాత్రమే.

లాటరైట్ నేలలు కూడా ఇదే వరసలో చదవండి. వాన ఎక్కువై, కాలం చాలా గడిచి, కరిగేవన్నీ కిందికి పోతే చివరికి మిగిలేది ఇనుము, అల్యూమినియం. జహీరాబాద్ వైపు ఉన్నవి అవే. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే బ్రిటిష్ సర్వేయర్ ఆ పేరు పెట్టింది కేరళలోని అంగాడిపురంలో చూసి.

హైదరాబాద్‌లో చదువుకునేవాళ్లకు ఇంకో మంచి ఉదాహరణ కళ్లముందే ఉంటుంది. ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్రాళ్లను ఎవరూ పేర్చలేదు, ఎక్కడి నుంచో దొర్లి రాలేదు. రాతిలో అడ్డంగా నిలువుగా పగుళ్లుంటాయి, భూమి లోపలే నీరు ఆ పగుళ్ల వెంట దిగి, అంచులనూ మూలలనూ ముందు మెత్తబరుస్తుంది, ఎందుకంటే మూలకు మూడు వైపుల నుంచీ నీరు తగులుతుంది. ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా వదులై మధ్యలో గట్టి గుండు మిగులుతుంది. ఇది శైథిల్యం. ఆ తర్వాత చుట్టూ ఉన్న వదులు మట్టిని వానలు కడిగేస్తే గుండ్లు బయటపడ్డాయి. అది క్రమక్షయం. ఆ రెండూ వేర్వేరు దశలని చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పగటి ఎండకు, రాత్రి చలికి రాయి పగిలిపోతుందని ఒక్క ముక్కలో రాసేసే నోట్సులు చాలా ఉన్నాయి. కానీ 1936లో గ్రిగ్స్ అనే శాస్త్రవేత్త గ్రానైట్‌ను వేల సార్లు వేడిచేసి చల్లార్చి చూశాడు, పొడిగా ఉన్నంతసేపు చెప్పుకోదగ్గ మార్పు లేదు. చల్లార్చడానికి నీరు వాడాకే ఉపరితలం దెబ్బతింది. కాబట్టి ఈ టాపిక్‌లో ఎక్కడ డౌట్ వచ్చినా ముందు నీటి గురించి ఆలోచించండి.

క్రమక్షయంలో చినుకు దెబ్బ, షీట్ (పైపొర పలచగా కొట్టుకుపోవడం), రిల్ (సన్న కాలువలు పడటం), గల్లీ (లోతైన గండ్లు పడటం) అన్న వరస అందరికీ వచ్చు, గల్లీలకు ఉదాహరణగా చంబల్ లోయ పేరు కూడా వచ్చు. నేను అంకెల్ని తెలంగాణకు కలిపాను. 1983 నాటి అంచనా ప్రకారం మన దేశంలో ఏటా హెక్టారుకు సగటున 16.4 టన్నుల మట్టి కొట్టుకుపోతుంది, కొట్టుకుపోయిన దాంట్లో దాదాపు 29 శాతం సముద్రంలోకి, 10 శాతం జలాశయాల్లోకి. ఈ 10 శాతాన్ని శ్రీరాంసాగర్‌లో చూడండి. 112 టీఎంసీలకు కట్టిన ప్రాజెక్టు, పూడిక వల్ల ఇప్పుడు 80 టీఎంసీల చిల్లరకు వచ్చింది. గోదావరి దిగివచ్చేదే రేగడి నేలల మీదుగా, ఆ సన్నటి బంకమన్ను నీటిలో తేలుతూ ఎంత దూరమైనా వస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసి పొలాలకు ఎందుకు తోలించారో కూడా ఇక్కడే తెలుస్తుంది, పైనుంచి కడుక్కొచ్చిన బంకమన్ను తిరిగి చెల్కలో పడితే చెల్క నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. జాగ్రఫీ, ఇరిగేషన్, స్కీములు, పర్యావరణం, అన్నీ ఒక్క గీత మీదికి వచ్చాయి.

రెండు మూడు మార్కుల కోసం ఇంత టైమా అని రూమ్‌మేట్ చాలాసార్లు అన్నాడు. కోచింగ్‌లో ఒక సార్ కూడా ఇంత లోతు అక్కర్లేదన్నారు. వాళ్లు చెడు కోరి అనలేదు, కానీ నేను చేసింది సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అర్థమైన దాన్ని పరీక్ష హాల్లో టెన్షన్ చెరపలేదు, బట్టీ పట్టినదే ముందు పోతుంది. ఎవరో టాపర్ టైమ్‌టేబుల్ తెచ్చుకుని గోడకు అంటించి, వారం తిరక్కుండానే ఇంకొకరిది వెతుక్కునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒక పుస్తకం పట్టుకోండి, దాన్నే మళ్లీ మళ్లీ చదవండి, చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఇది కష్టమని తెలుసు. నేనూ అదే చేశాను.

మిగతా పేపర్లకు నేను కొత్తగా చేసిందేమీ లేదు. పాలిటీ రివిజన్ల మీదే నడిచింది, ఎకానమీకి సర్వే, బడ్జెట్, ఉద్యమ చరిత్రకు తెలుగు అకాడమీ.

జాగ్రఫీ నోట్స్ అడిగినవాళ్లందరికీ ఫొటోలు పంపుతాను. కానీ అందులో నేను గీసుకున్న, గుట్ట నుంచి చెరువు దాకా నేలలు చూపించే వాలు బొమ్మను మాత్రం కాపీ చేసుకోకండి. మీ ఊరిదే గీసుకోండి, ఎక్కడ ఏ మట్టి ఉందో, అక్కడ ఏ పంట వేస్తారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి, ఆ తర్వాతే పాత పేపర్లు తియ్యండి.