మార్ఫిన్ నొప్పిని ఎక్కడ అడ్డుకుంటుంది?

మార్ఫిన్ మెదడును మత్తులో ముంచుతుంది కాబట్టి నొప్పి తెలియదన్న జవాబుతో నేను చాలాకాలం సరిపెట్టుకున్నాను. కానీ అసలు కథలో పెద్ద భాగం వెన్నుపాములో, నొప్పి కబురు మోసుకొచ్చే నాడీకణపు కొసన జరుగుతుంది. విద్యుత్ ప్రేరణ అక్కడికి చేరగానే ఎన్-టైప్ కాల్షియం చానళ్లు, అంటే కణపొరలో కాల్షియంను లోపలికి రానిచ్చే ద్వారాలు, తెరుచుకుంటాయి. లోపలికి దూసుకొచ్చిన కాల్షియం వల్ల చిన్న తిత్తులలోని గ్లూటమేట్ అనే సంకేత రసాయనం బయటికి విడుదలై, కబురు తర్వాతి కణానికి అందుతుంది.

మార్ఫిన్ తన గ్రాహకానికి అతుక్కున్నప్పుడు ఆ గ్రాహకం కబురును కణం లోపల అందుకునే జి-ప్రొటీన్‌లోని ఆల్ఫా భాగం ఒకవైపు, బీటా-గామా జంట మరొకవైపు విడిపోతాయి. ఆ జంట మధ్యవర్తి అణువులేవీ లేకుండా, కణపొర వెంటే జరిగి నేరుగా చానల్‌కు అంటుకుంటుందని 1996, 1997లలో వెలువడిన ప్రయోగాలు చూపాయి. అయితే చానల్ పూర్తిగా మూసుకుపోదు, తెరుచుకోవడానికి మొరాయిస్తుంది, అంతే. దాంతో లోపలికి వచ్చే కాల్షియం, బయటికి వెళ్లే గ్లూటమేట్ తగ్గి, నొప్పి కబురు బలహీనపడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం మరొకటి ఉంది. చానల్‌ను తెరిచి చూడటానికి ఇచ్చే పరీక్షా విద్యుత్ ప్రేరణకు కొన్ని మిల్లీసెకన్ల ముందు, పొర వోల్టేజిని క్షణకాలం సుమారు +80 మిల్లీవోల్టులకు పెంచితే, ఆ జంట పట్టు సడలి, అణగిపోయిన కాల్షియం ప్రవాహం చాలావరకు తిరిగి వస్తుంది. నాడీకణం వేగంగా, ఎడతెరిపి లేకుండా స్పందిస్తున్నప్పుడు కూడా ఈ నిరోధం కొంత సడలుతుంది.